పుష్పకము ఆగిన చోటు

మన సంఘమువారు ఈ సంచికకు ఒక సాహిత్య వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను కాను. నా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. 32 ఏండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. సంస్కృతము గురుముఖమున నేర్వలేదు. తెలుగు తాత్పర్యముగల ప్రతులను దగ్గర నుంచుకొని కూడబలుకుకొని చదువుకొందును. అయినను గుమాస్తాపనిలో అబ్బిన అలవాటు ఒకటి నాకు కలదు. ఫైలు చేతికి వచ్చినచో అందులో ఏ కాగితమున్నదని చూచుటకంటె, ఉండవలసిన ఏ కాగితము లేదని ముందుగా చూతును. కావ్యములను కూడ ఆ దృష్టితోనే చదువుచుంటిని. పండితులు దీనిని విమర్శ అందురో, అనరో నేనెరుగను.

నేను మా అబ్బాయి కుటుంబముతో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నివసించుచున్నాను. హొసూరు, సర్జాపుర రోడ్ల పేర్ల మొదటి అక్షరములే ఈ పేటకు పేరైనవి. రోడ్డు పేరు పెట్టుకొన్న పేట గనుక కాబోలు, ఇచ్చటివారికి ప్రయాణములు ఎక్కువ. శుక్రవారము సాయంకాలమగుసరికి కార్లు బారులు తీరి ఊరు దాటిపోవును. సాయంకాలమున అగర చెరువు గట్టున నడచు మావంటి వృద్ధులకు అది నిత్యదృశ్యము. ఒకనాడు మాలో ఒక పెద్దమనిషి తన కుమార్తెయు అల్లుడును ఒకే ఇంట నుండియు మాటలాడుకొనుట లేదని చెప్పుకొని బాధపడెను. వెంటనే మరియొకాయన, "ఇద్దరినీ ఒక కారులో కూర్చోబెట్టి నాలుగు రోజులు ఎటైనా పంపండి. దారి పొడుగునా ఎంతసేపని మాట్లాడకుండా ఉంటారు? తిరిగి వచ్చేసరికి అంతా సర్దుకుంటుంది" అని సలహా చెప్పెను. విన్నవారందరును తల యూపిరి. నేను మాత్రము ఊపలేకపోయితిని.

కారణము నా స్వంతము. దాచుకొనదగిన వయసు కాదు గనుక చెప్పుచున్నాను. కొన్ని ఏండ్లకు పూర్వము నేను నా భార్యను అడుగకయే ఆమె పుట్టింటివారు పెట్టిన బంగారమును కుదువపెట్టి మా తమ్ముని అప్పు తీర్చితిని. ఆ బంగారము మరల ఇంటికి రాలేదు. ఆమె కేకలు వేయలేదు. అనంతపురములోనున్న మా అమ్మాయి యింటికి వెళ్ళి, అచ్చటనే రెండేండ్లు ఉండిపోయినది. మనుమని పుట్టినరోజునకు బెంగళూరు వచ్చినప్పుడు, హొసపేటలో బంధువుల ఇంట పెండ్లి యుండుటచే మా అబ్బాయి కారును డ్రైవరును ఏర్పరచి మమ్ము ఇద్దరను కలిపి పంపినాడు. లేపాక్షి, అనంతపురము, ఉరవకొండ, బళ్ళారి మీదుగా సుమారు 400 కిలోమీటర్ల దారి. వెనుక సీటులో ఆమె ఒక కిటికీవైపు, నేనొక కిటికీవైపు. ఆ ప్రయాణములో జరిగినది ముందు ముందు చెప్పుదును. ప్రస్తుతము కావ్యము సంగతికి వత్తును.

మనసు విరిగిన భార్యాభర్తలు ఒకే వాహనములో దూరప్రయాణము చేయుట మన సాహిత్యమునకు క్రొత్త విషయము కాదు. అందరును ఎరిగిన కథలోనే అది యున్నది. కాని దానిని ఆ దృష్టితో చూచువారు తక్కువ. శ్రీరాముడును సీతాదేవియు లంకనుండి అయోధ్యకు పుష్పకమున చేసిన ప్రయాణమే నేను చెప్పునది. మనము దానిని విజయయాత్రగా చదివి సంతోషింతుము. కాని ఆ విమానము ఎక్కుటకు ముందు ఏమి జరిగినదో ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. యుద్ధము ముగిసినది. ఎదురుచూచి ఎదురుచూచి వచ్చిన భార్యను సభామధ్యమున నిలువబెట్టి, ఈ యుద్ధము నీకొరకు చేసినది కాదు, నీ యిష్టము వచ్చిన చోటికి పొమ్మని భర్త పలికెను. ఆమె తలవంచుకొని ఊరకుండలేదు. ప్రాకృతుడైన పురుషుడు ప్రాకృతురాలైన స్త్రీతో పలుకు మాటలు ఇవి యని ఎదురు చెప్పి, చితి పేర్పించి అగ్నిలో ప్రవేశించెను. అగ్నిదేవుడు ఆమెను తెచ్చి అప్పగించెను. ఆ పిమ్మటనే ప్రయాణము. నిప్పులోనుండి వచ్చిన స్త్రీయు, నిప్పులోనికి పంపిన పురుషుడును ప్రక్కప్రక్కన కూర్చుండి ఆకాశమార్గమున పోవుచున్నారు. వారు ఏమి మాటలాడుకొందురు? కవికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

కాళిదాసు రఘువంశమున ఈ పరీక్షకు ఎట్లు నిలిచెనో ముందు చూతము. పండ్రెండవ సర్గము చివర, అగ్నిచే పరిశుద్ధురాలైనది అను అర్థము వచ్చు ఒక్క సమాసముతో ఆయన ఆ ఘోరమునంతటిని దాటివేసెను. పరుష వాక్యములు లేవు, సభ లేదు, చితి లేదు. పిమ్మట పదమూడవ సర్గమును ఇంచుమించు పూర్తిగా ప్రయాణమునకే కేటాయించెను. రాముడు భార్యతో ఏకాంతముగా మాటలాడుచున్నాడని సర్గము మొదటనే చెప్పెను. సముద్రమును, తన సేతువును చూపించును. విమానము తన మనసు కోరినట్లు ఒకప్పుడు దేవతల దారిని, ఒకప్పుడు మేఘముల దారిని, ఒకప్పుడు పక్షుల దారిని పోవుచున్నదని చెప్పును. కిటికీలోనుండి ఆమె చేయి చాపి మేఘమును తాకగా, ఆ మేఘము మెరుపును ఆమెకు కంకణముగా తొడిగినట్లున్నదని మురియును.

అటుపిమ్మట వచ్చునవి ఆ సర్గమునకు ప్రాణప్రదములైన శ్లోకములు. నిన్ను వెదకుచు తిరిగిన నాకు నీ కాలి అందె ఒక్కటి ఇచ్చట నేలపై దొరకినది. నీ పాదమును ఎడబాసిన దుఃఖముచేతనో యన్నట్లు అది మౌనముగా నుండెను అని ఒక చోటు చూపును. నోరులేని తీగెలు కొమ్మలు వంచి నీవు పోయిన దారి చూపినవని ఒక చోట, లేళ్ళు గడ్డి మేయుట మాని దక్షిణ దిక్కునకు కన్నులెత్తి చూచినవని ఒక చోట చెప్పును. మాల్యవంతము కనబడగానే, ఈ కొండ శిఖరముపై క్రొత్త వాననీరును నా కన్నీరును ఒక్కసారిగనే కురిసినవని చెప్పును. ఈ శ్లోకములు చదివి కన్ను చెమర్పనివాడు ఉండడు. పెద్దలు దీనిని దాంపత్య ప్రేమకు పరాకాష్ఠ అనిరి. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని.

కాని నా పాత అలవాటు నన్ను విడువలేదు. ఈ ఫైలులో ఏ కాగితము లేదు? రెండు లేవు. మొదటిది, ఆమె మాట. అంత పొడుగు ప్రయాణములో సీతాదేవి ఒక్క పలుకైనను పలికినట్లు కవి వ్రాయలేదు. రెండవది, ఆమెను గురించిన ప్రశ్న. నీవు లేక నేనేమైపోయితినో అని రాముడు ప్రతి కొండవద్దను, ప్రతి చెరువువద్దను చెప్పెను. లంకలో నీవు ఏమైతివి అని ఒక్కచోటను అడుగలేదు. చూపినవన్నియు తాను ఏడ్చిన చోటులే గాని, ఆమె ఏడ్చిన చోటు ఒక్కటియు లేదు.

కాళిదాసునకు ఇది తెలియక పొరపాటు పడెనా? అట్లనుకొనుట మన తెలివితక్కువ. తరువాతి సర్గము తెరచినచో సంగతి బోధపడును. అయోధ్య చేరి అత్తగార్లకు నమస్కరించునప్పుడు ఆమె నోరు తెరచి మొదటిసారి చెప్పిన మాట, భర్తకు క్లేశము తెచ్చిపెట్టిన అలక్షణురాలను, సీతను అని. దారి పొడవునను భర్త చెప్పిన దుఃఖకథనమంతయు ఆమె చెవికి ఎట్లు వినబడినదో ఈ ఒక్క మాటలో ఉన్నది. ఆయన ప్రేమయని చెప్పినదానిని ఆమె అభియోగమని వినెను! అప్పుడు ఆ వృద్ధ స్త్రీలు ఆమెను లేవనెత్తి, నీ శుద్ధమైన నడవడిచేతనే గదా నీ భర్త తమ్మునితో కూడ అంత కష్టమును గట్టెక్కెను అనిరి. భర్త చెప్పవలసియుండిన మాటను అత్తలు చెప్పిరి. ఇంతటి లోతు తెలిసి వ్రాసిన కవి, విమానములో ఆమె మౌనమును ఏమరుపాటున విడిచినవాడు కాడు.

ఆ పదునాల్గవ సర్గములోనే రెండవ ప్రయాణము వచ్చును. మన యిండ్లలో దీనిని ఎరుగనివారు లేరు. 1963లో వచ్చిన లవకుశ చిత్రమున అంజలీదేవి లక్ష్మణునితో రథమెక్కి పోవు ఘట్టమును చూచి మన తల్లులు, అమ్మమ్మలు కొంగులు తడుపుకొనిరి. గర్భవతియైన ఆమె గంగాతీరమునందలి ఆశ్రమములను చూడవలెనని కోరినది. ఆ కోరికయే నెపముగా ఆమెను అడవిలో విడిచిపెట్టుటకు ఏర్పాటైనది. సుమంత్రుడు రథము తోలెను. లక్ష్మణుడు వెంట వెళ్ళెను. భర్త ప్రక్కన లేడు. పుష్పకములో భర్త ప్రక్కన నుండగా మాటలాడని స్త్రీకి కాళిదాసు ఇచ్చట మాట యిచ్చెను. నా మాటగా ఆ రాజునకు చెప్పుమని ఆమె లక్ష్మణునితో పలికినది. ఆర్యపుత్రునకు అనలేదు, రాజునకు అన్నది. కన్నులయెదుట అగ్నిలో పరిశుద్ధురాలనైన నన్ను లోకుల మాట విని విడుచుట నీ వంశమునకు తగునా అని అడిగించినది. పుష్పకములో కదిలియు కదలని ఆ పెదవులు, ప్రక్క సీటు ఖాళీయైన పిమ్మటనే విప్పుకొన్నవి.

ఇక భవభూతి సంగతి. ఉత్తరరామచరితము మొదటి అంకమున లక్ష్మణుడు వనవాస కథను గోడపై చిత్రములుగా వ్రాయించి అన్నవదినలకు చూపును. ఇదియు ఒక విధమైన ప్రయాణమే. ఇంట కూర్చుండి దారియంతయు మరల చూచుట. బొమ్మలు ఎంతవరకు వచ్చినవని రాముడు అడుగగా, వదినగారి అగ్నిశుద్ధి వరకు అని లక్ష్మణుడు అనెను. వెంటనే రాముడు ఆ మాటను అడ్డుకొని, పుట్టుకచేతనే పవిత్రురాలైన ఈమెకు వేరు శుద్ధి యేల అని బాధపడి, ఆమెవైపు తిరిగి, దేవీ ప్రసన్నురాలవు గమ్ము, ఈ అపవాదు నీకు జీవితాంతము ఉండిపోవునదైనది అని వేడుకొనెను. కాళిదాసు పుష్పకములో కనబడని కాగితము ఇదే! ఆ లోటును భవభూతి కనిపెట్టి, తన నాటకమున దానిని పూరించెను. అందుకు సీతాదేవి జవాబు ఏమి? పోనిండు ఆర్యపుత్రా, రండు, మీ చరిత్రము చూతము అన్నది. క్షమాపణము అందిన పిమ్మట ఆమెయే బొమ్మలు చూచుటకు ముందడుగు వేసినది. చూపుట ఆ రెండుచోటుల ఒకటియే. అడుగుట మాత్రము ఇచ్చటనే ఉన్నది.

అయినను భవభూతి లోకమెరిగినవాడు. ఆ అంకములోనే గంగాస్నానమునకు పోవలెనను కోరిక ఆమెకు కలిగినది. మీరును నాతోకూడ రావలెను అని ఆమె అడిగినది. కఠినహృదయా, ఇదియు చెప్పవలయునా అని రాముడు ముద్దుగా పలికెను. ఆ తరువాత బండి వచ్చినది; ఆయన రాలేదు. మూడవ అంకమున, రాముడు ఏండ్లు గడచిన పిమ్మట ఒంటరిగా పంచవటికి వచ్చి, చెట్టు చెట్టును చూచి మూర్ఛపోవును. సీత అదృశ్యరూపమున అతని ప్రక్కనే నడచుచుండును. కలిసి ప్రయాణము చేయుచుండియు ఒకరికొకరు కనబడకుండుట యనగా ఇదియే గదా! వనదేవతయగు వాసంతి అతనిని నిలదీసి అడిగినది. ఇచ్చట కూడ అడుగవలసినది మరియొక స్త్రీ అడిగినది. సీత అన్నియు వినినది. తన స్పర్శతో అతనిని తేర్చినది.

ఈ విషయము మన దేశమునకే పరిమితమైనది కాదు. 1954లో రోసెల్లీని అను ఇటలీ దర్శకుడు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, జార్జ్ శాండర్స్ అను నటులతో ఇటలీ ప్రయాణమును గురించి ఒక చిత్రము తీసెను. మా అబ్బాయి దానిని కంప్యూటరులో నాకు చూపి, అర్థము కానిచోట అర్థము చెప్పెను. ఒక ఆంగ్ల దంపతులు వారసత్వముగా వచ్చిన ఇల్లు అమ్ముకొనుటకు కారులో నేపుల్స్ నగరమునకు పోవుదురు. ఆ దారిలోనే తాము ఒకరికొకరు అపరిచితులమని వారికి తెలియవచ్చును. ఆయన ఒక వైపు, ఆమె ఒక వైపు విడివిడిగా తిరుగుదురు, విడిపోవుటకు నిశ్చయింతురు. పాంపేయి శిథిలములలో, అగ్నిపర్వతపు బూడిద క్రింద ప్రక్కప్రక్కన మరణించిన ఇద్దరి రూపములు బయటపడుట చూచి ఆమె ఏడ్చును. చివరకు ఒక దేవుని ఉత్సవపు జనసమ్మర్దములో ఆమె కొట్టుకొనిపోవుచు భర్తను పిలుచును. ఆయన పరుగెత్తి చేరును. ఆ ముగింపు నమ్మదగినది కాదని అనువారును కలరు. నాకు మాత్రము అందొక సత్యము కనబడినది. వారిని కలిపినది ప్రయాణము కాదు, చూచిన శిథిలములు కావు. ఆమె పిలిచినది, ఆయన వినెను. అంతే.

ఇప్పుడు వాల్మీకి వద్దకు మరలి వత్తును. ఆదికవిని చివరకు ఉంచుకొనుటకు కారణము కలదు. యుద్ధకాండమున రాముడు పుష్పకమునుండి రణభూమిని చూపి, ఇచ్చట రావణుడు పడెను, ఇచ్చట కుంభకర్ణుడు పడెను అని చెప్పును. సముద్రమును, సేతువును, విభీషణుడు వచ్చి చేరిన చోటును చూపును. నేను చదివిన ప్రతిలో అశోకవనము చూపినట్లు లేదు. ఇంతవరకు కాళిదాసు రామునకును ఈయనకును భేదము లేదు. కాని విమానము కిష్కింధ మీదికి వచ్చునప్పటికి, మన యిండ్లలో పారాయణము చేయు పాఠమున ఒక చిన్న ఘట్టము కలదు. కాళిదాసు దీనిని విడిచిపెట్టెను. మనమును తొందరలో దాటిపోవుదుము.

అచ్చట సీతాదేవి నోరు తెరచినది. వినయముతోను, ప్రణయముతో కలసిన బెరుకుతోను పలికినదని కవి చెప్పెను. ఈ బెరుకును గమనింపవలెను. సభలో భర్త పరుషముగా మాటలాడినప్పుడు ఎదురు చెప్పిన స్త్రీకి బెరుకు ఎచ్చటిది? నిప్పులో దూకునప్పుడు లేని భయము, ప్రక్కన కూర్చున్న భర్తను ఒక చిన్న కోరిక కోరునప్పుడు వచ్చినది! దెబ్బ తిన్న దాంపత్యము ఎట్లుండునో వాల్మీకి ఒక్క పదముతో చెప్పెను. ఆమె కోరినది ఏమి? తారయు, సుగ్రీవుని తక్కిన భార్యలును, ఇతర వానరవీరుల భార్యలును వెంటరాగా అయోధ్యకు పోవలెనని ఉన్నది అని. రాముడు అట్లే కానిమ్మనెను. పుష్పకము ఆగెను. సుగ్రీవుడు అంతఃపురమునకు వెళ్ళి చెప్పెను. తార స్త్రీలనందరను పిలిచినది. వారు అలంకరించుకొని, విమానమునకు ప్రదక్షిణము చేసి, ఎక్కి కూర్చుండిరి. అటుపిమ్మట పుష్పకము మరల లేచెను.

తార ఎవరు? రాముని బాణమునకు భర్తను కోల్పోయిన స్త్రీ. వాలి పడిననాడు, ఆ బాణముతోనే నన్నును చంపుమని రాముని అడిగిన స్త్రీ. విజయము సంపాదించిన భర్త ప్రక్కన కూర్చుండి, సీతాదేవి కోరిన తోడు అట్టిది. ఎందుకు కోరినదో కవి చెప్పలేదు. వానర స్త్రీలకు అయోధ్య చూపవలెనను ఉదారబుద్ధియని పెద్దలు చెప్పవచ్చును; అదియు నిజమే. నాకు తోచినది మాత్రము ఇది. అంతవరకు ఆ విమానమున ఉన్నవారు యుద్ధము చేసినవారు, యుద్ధకథ వారిది. యుద్ధమున పోగొట్టుకొన్నవారు ఎక్కినగాని ఆమెకు చెప్పుకొనుటకును, ఊరకుండుటకును తోడు లేదు. అత్తల మాట, వాసంతి మాట ముందు చెప్పితిని. స్త్రీ దుఃఖము స్త్రీకి తెలియునను సంగతి ఈ కవులందరును ఎరిగియే వ్రాసిరి.

దీనిలో మనకు ముఖ్యమైనది రాముడు చేసిన పని. ఆయన కారణము అడుగలేదు. పదునాలుగేండ్ల గడువు పూర్తియగుచున్నది. ఆలస్యమైనచో భరతుడు ఏమగునో అను ఆందోళన కలదు. అయినను ఆపెను. దారి పొడవునను తాను చూపినవాటి యన్నిటికంటె, ఆమె అడిగినచోట ఆగిన ఆ కొంతసేపు గొప్పదని నా అభిప్రాయము. తరువాత జరిగినవి జరిగినవి. రాజధర్మమును గురించి తీర్పు చెప్పుటకు నేనెంతవాడను? నేను దేవుని విచారించుట లేదు, కవులను చదువుచున్నాను. పుష్పక ప్రయాణమున భార్యాభర్తలు నిజముగా కలిసిన చోటు ఏదియని అడిగినచో, మాల్యవంతము కాదు, గోదావరి కాదు, పుష్పకము ఆగిన కిష్కింధయే అని చెప్పుదును.

ఇక నా ప్రయాణము మిగిలినది. లేపాక్షిలో కారు ఆపించి ఏకశిలా నందిని చూపితిని. జటాయువు పడిన చోటు ఇదియేనని జనులు చెప్పుకొను కథ చెప్పితిని. వీరభద్రాలయపు చిత్రములు చూపితిని. దారి పొడవునను ఆమె లేని రెండేండ్లలో నా ఆరోగ్యము ఎట్లు చెడినదో, హోటలు భోజనముతో ఎంత అవస్థపడితినో చెప్పుచునే యుంటిని. నా మనసులో అది క్షమాపణమే. బంగారము మాట మాత్రము ఎత్తలేదు. ఆమె కిటికీవైపు చూచుచు వినినది. అనంతపురము దాటిన పిమ్మట మొదటిసారి నావైపు తిరిగి, "ఏమండీ, ఉరవకొండలో అక్కయ్యను కూడా ఎక్కించుకుని పోదామా?" అని అడిగినది. మా వదినగారు వితంతువు; ఒంటరిగా ఉండిరి. నేను గడియారము చూచి, "ఆవిడ బయలుదేరేసరికి గంట పడుతుంది, ముహూర్తం దాటిపోతుంది" అంటిని. ఆమె మరల కిటికీవైపు తిరిగినది. డ్రైవరు బండి ఆపలేదు.

మేము ముహూర్తమునకు రెండు గంటలు ముందుగా హొసపేట చేరితిమి. మరునాడు హంపిలో మాల్యవంతము ఎక్కి రఘునాథస్వామిని సేవించి, తుంగభద్రకు ఆవలనున్న ఆనెగొంది కొండలు చూపి, అదియే కిష్కింధ యని, ఈ కొండమీదనే రాముడు వానకాలము గడిపి కన్నీరు కార్చెనని రఘువంశపు శ్లోకార్థము చెప్పితిని. అంతయు విని ఆమె, "అక్కయ్య వచ్చి ఉంటే బాగుండేది" అన్నది. అంత మంచి శ్లోకము చెప్పుచుండగా ఈమెకు అక్కయ్య ధ్యాసయేమి అని నేను లోలోన విసుగుకొంటిని. తరువాతి సంవత్సరమే మా వదినగారు స్వర్గస్థురాలైరి. ఆ కర్మకాండ ముగిసి ఇంటికి వచ్చిన పిమ్మట ఒకనాడు యుద్ధకాండము తెరువగా ఈ కిష్కింధ ఘట్టము కనబడినది. అంతకు ముందు ఎన్నిసార్లు పారాయణము చేసియుంటినో లెక్క లేదు. ఒక్కసారియు ఆ చోట ఆగలేదు.

కనుక చెరువు గట్టున మా మిత్రుడు చెప్పిన సలహాను నేను కాదనను. కాని దానికి ఒక మాట చేర్చుదును. అలిగిన దంపతులను ఒక బండిలో పంపుట మంచిదే. దారి వారిని కలుపదు. కొండలు, కోవెలలు కలుపవు. తన బాధను చక్కగా వర్ణించి చెప్పుటయు కలుపదు. అది కాళిదాసంతటివాడు చెప్పినను అవతలివారికి నేరారోపణగా వినబడవచ్చును. ఆమె బెరుకుతో అడిగిన చిన్న కోరికను విని బండి ఆపువాడు కావలెను. ఎందుకు అని అడుగనివాడు కావలెను. తన తప్పును పేరుపెట్టి చెప్పుకొని, ప్రసన్నురాలవు గమ్మని అడుగగలవాడు కావలెను. మొదటిది వాల్మీకి చూపెను, రెండవది భవభూతి చూపెను. ఈ రెండును లేనిచో ఏమగునో కాళిదాసు చూపెను.

బంగారము మాట చివరకు నేనే ఎత్తితిని. వదినగారు పోయిన ఏడాది అది. నా భార్య, "ఇప్పుడెందుకండీ అది" అన్నది. ఆపై లోనికి వెళ్ళి కాఫీ తెచ్చియిచ్చినది. ఇప్పుడు ఆమె కొన్ని నెలలు అమ్మాయివద్ద, కొన్ని నెలలు ఇచ్చట ఉండుచున్నది. ఈ మధ్య ఇద్దరమును కోలారు జిల్లా ముళబాగిలు దగ్గరనున్న ఆవనికి వెళ్ళి వచ్చితిమి. వాల్మీకి ఆశ్రమము అచ్చటనే యుండెననియు, కుశలవులు అచ్చటనే పుట్టిరనియు ఆ ప్రాంతమువారు చెప్పుదురు. కొండమీద సీతమ్మకు గుడి కలదు. భర్త ప్రక్కన లేని ఆ రెండవ ప్రయాణము ముగిసిన చోటని నమ్మి జనులు మ్రొక్కుకొందురు. నేను ఈసారి ఏ శ్లోకమును చెప్పలేదు. బండి ఎక్కునప్పుడే, "ఎక్కడెక్కడ ఆగాలో చెప్పు" అని అడిగితిని. నాలుగు చోటుల ఆగుమన్నది. నాలుగు చోటుల ఆగితిమి. ఇల్లు చేరుసరికి రాత్రి పదియైనది.

పాఠకమహాశయులలో దూరప్రయాణములు చేయు దంపతులు చాలమంది యుందురు. వారు ఈసారి రామాయణము తెరచినప్పుడు కిష్కింధవద్ద ఒక్క నిమిషము ఆగి చదువుదురని ఆశించుచున్నాను. పండితులు నా తప్పులను మన్నింతురు గాక.